ముందు హంతకుడి డైరీ రాయండి

నా మొదటి నవలలో శవం రెండు గంటల్లోనే కట్టెలా బిగుసుకుపోయింది. రాత్రి పదింటికి హత్య. పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి హతుడి చెయ్యి ఎత్తబోతే అది లేవదు. ఆ సీన్ రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను. పుస్తకం వచ్చిన నెలకి ఒక డాక్టరుగారి నుంచి ఉత్తరం వచ్చింది. కథ బాగుందట గానీ, హతుడు బిగుసుకుపోవడానికి మరీ తొందరపడ్డాడట. ఆ పేజీన్నర ఉత్తరం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

కొత్తగా క్రైమ్ రాసేవాళ్ళు ముందుగా ట్విస్ట్ గురించి అడుగుతారు. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని హంతకుడి డైరీ రాయండి. అది నవలలోకి రాదు, పాఠకుడి కంట పడదు. అతనికి చంపాలన్న ఆలోచన ఎప్పుడొచ్చింది, ఆ రోజు ఎన్నింటికి లేచాడు, ఎవరితో ఏ అబద్ధం చెప్పాడు, ఆ ఒక్క అబద్ధం నిలబడడానికి ఇంకెన్ని చెప్పాల్సొచ్చింది, ఏ నిమిషంలో చెమటలు పట్టాయి, అన్నీ టైముతో సహా రాయాలి. నేను ఎడమ పేజీలో నిజంగా జరిగింది రాస్తాను. అదే టైముకి మిగతా జనానికి ఏం కనబడిందో కుడి పేజీలో రాస్తాను. రెండు పేజీలకీ ఎక్కడెక్కడ పొంతన కుదరదో అక్కడల్లా ఒక క్లూ దొరుకుతుంది. ఇక వేరే వెతకక్కర్లేదు.

డైరీ పూర్తయ్యాక శవం సంగతి సరిచూసుకోండి. బిగుసుకోవడం సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో దవడ దగ్గర, ముఖంలో తెలుస్తుంది. ఒళ్ళంతా పాకడానికి దాదాపు 12 గంటలు పడుతుంది. ఆ తర్వాత మెల్లగా సడలిపోతుంది. ఎండాకాలంలో ఇదంతా త్వరగా జరుగుతుంది, చలిలో నెమ్మదిస్తుంది. అందుకే సరిగ్గా 10:40కి చనిపోయాడని చెప్పే డాక్టరుని కథలో పెట్టకండి. ఫలానా గంట నుంచి ఫలానా గంట లోపు అని మాత్రమే చెప్పించండి. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే కదా మన అనుమానితులందరూ తిరిగేది!

నాకు అంతకంటే ఇష్టమైనది నెత్తురు దిగడం. గుండె ఆగాక నెత్తురు ఒంట్లో కింది భాగానికి చేరి, అక్కడ చర్మం ఊదారంగుకి తిరుగుతుంది. సుమారు 8 నుంచి 12 గంటలు గడిస్తే ఆ మచ్చలు ఇక చెదరవు. శవం వెల్లకిలా దొరికి, మచ్చలు మాత్రం ఛాతీ మీద ఉన్నాయనుకోండి, ఎవరో తర్వాత తిప్పారన్నమాట. ఇది నేను ఒక నవలలో వాడాను. పాత్రల్లో ఎవరూ నోరు విప్పక్కర్లేదు, శవమే సాక్ష్యం చెబుతుంది.

సినిమాల్లో చూసింది మాత్రం నమ్మకండి. క్లోరోఫామ్ గుడ్డ ముక్కుకి అదిమిన మరుక్షణం మనిషి పడిపోడు, నిమిషాలు పడుతుంది. సైలెన్సర్ పెట్టినంత మాత్రాన తుపాకీ మూగబోదు. 160 డెసిబెళ్ళ దగ్గరుండే చప్పుడు ఓ 20, 30 తగ్గుతుందంతే. పక్కగదిలో వాళ్ళు ఉలిక్కిపడతారు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రిలో మందులు కలిపే పని చేశారు. విషాల సంగతి ఆవిడకి చేత్తో తూచిన అనుభవం. మనకి అది లేదు కాబట్టి తెలిసినవాళ్ళని అడగాలి. పోలీసుల్ని అడిగేటప్పుడు సాహసాల జోలికి పోకండి. ఏ కాగితం ఎవరు రాస్తారు, రాత్రి డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకుంటారు, ఇలాంటివి అడగండి.

క్లూని ఎలా దాచాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక పెద్దాయన మంచం మీద చనిపోయి ఉన్నాడు. గుండెల మీద తెరిచిన పుస్తకం. చదువుతూ చదువుతూ పోయాడని అందరూ అనుకుంటారు. నేను రాసిన వాక్యం ఇది: "పక్కన స్టూలు మీద మాత్రల డబ్బా, కళ్ళజోడు, సగం తాగిన నీళ్ళ గ్లాసు." పాఠకుడి బుర్ర మాత్రల మీదికీ, నీళ్ళ మీదికీ పోతుంది. విషం అనుకుంటాడు. మధ్యలో ఉన్న కళ్ళజోడు ఎవరికీ పట్టదు. కానీ రెండో చాప్టర్‌లో ఈ పెద్దాయనే చత్వారం అద్దాలు ఆఫీసులో మర్చిపోయానని చెప్పి మేనకోడలి చేత ఉత్తరం చదివించుకున్నాడు. స్టూలు మీదున్నవి దూరపు చూపు అద్దాలు. అంటే ఆయన చదవనే లేదు, పుస్తకం ఎవరో తెచ్చి పెట్టారు. మూడు వస్తువుల వరుసలో అసలుది నడుమ పెట్టడం, దాని అర్థం చెప్పే ముక్కని ఇంకెక్కడో నవ్వులాటలో జారవిడవడం, నేను చేసిందల్లా ఇంతే.

డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి క్లూ పాఠకుడికీ చూపించాలని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే రాశాడు. ఆయన పది నియమాల్లో రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదని కూడా ఉంది. నేనైతే ఆ ఒక్క మార్గాన్ని కూడా ఒప్పుకోను.

రోజువారీ పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే రెండు గంటలు, ఫోను వేరే గదిలో. కొన్నాళ్ళు మూడు పేజీలు వస్తాయి, కొన్నాళ్ళు మూడు లైన్లు. తిప్పి పంపిన కథలు లెక్కపెట్టడం మానేశాను.

డ్రాఫ్ట్ అయ్యాక మొహమాటం లేని ముగ్గురికి ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు. ప్రతి ఐదు చాప్టర్లకీ ఒకసారి ఆగి, తమకి ఎవరి మీద అనుమానంగా ఉందో చీటీ మీద రాయమనండి. ఐదో చాప్టర్‌కే ముగ్గురూ అసలు హంతకుడి పేరు రాస్తే, క్లూ మరీ గట్టిగా అరిచిందని అర్థం. చివరిదాకా ఒక్క చీటీలోనూ ఆ పేరు లేకపోతే సంబరపడకండి, మీరు మోసం చేసి ఉంటారు. ఒక్కరైనా రాసి, కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాస్తే మాత్రం నాకు ఆ పూట పండగే.

చిట్టచివరగా నవలని వెనక నుంచి ముందుకి తిరగేస్తూ వారాలూ, టైములూ మాత్రమే చూస్తాను. ఇప్పుడు రాస్తున్న దాంట్లో నాలుగో చాప్టర్ ఆదివారంతో ముగిసింది. ఐదోది "మర్నాడు, బుధవారం" అని మొదలైంది. మధ్యలో రెండు రోజులు నా హంతకుడు ఎక్కడున్నాడో డైరీలో కూడా లేదు. మళ్ళీ ఎడమ పేజీ తియ్యాలి.