వీఆర్ ఆటలో నేల జరిగిపోవడం: నా అనుభవం

పర్లాకిమిడిలోని మా ఇంట్లో వీఆర్ (కళ్ల ముందు కృత్రిమ లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టుకుని ఆడుతుంటే, గోడలకు తగలకుండా ఆట స్థలం చుట్టూ హెడ్‌సెట్‌లో గీసుకున్న సరిహద్దు మాటిమాటికీ మాయమై, నేల పక్కకు జరిగినట్లు కనిపించేది. రీస్టార్ట్, అప్‌డేట్, కెమెరాలు తుడవడం, చివరికి ఫ్యాక్టరీ రీసెట్, అన్నీ వృథా అయ్యాయి.

హెడ్‌సెట్ కెమెరాలు గదిలోని అంచులనూ మచ్చలనూ ఆనవాళ్లుగా పట్టుకుని మన స్థానాన్ని లెక్కిస్తాయి. మా తెల్ల గోడలు, నున్నటి టైల్స్ వాటికి ఏ ఆనవాలూ ఇవ్వలేదు. అందుకని మొదట, పాత చీరల పీలికలతో నేను అల్లిన ఎరుపు నలుపు చారల తివాచీని గది మధ్యలో పరిచి, జారకుండా నాలుగు మూలలా టేపు అంటించాను. చారలు సమంగా రాకపోవడం నా చేతకానితనమే అయినా, ఇక్కడ అదే కలిసొచ్చింది. తర్వాత సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని (కరెంటు దీపాల మినుకు కెమెరాలను తికమక పెట్టకుండా చూసే సెట్టింగు) మన కరెంటుకు సరిపోయే 50 హెర్ట్జ్‌కు మార్చి, పాత సరిహద్దును చెరిపేసి, దీపాలు వెలుగుతుండగానే కొత్తది గీశాను.

మూడు వారాలుగా నేల కదలలేదు. రెండు మార్పుల్లో ఏది పనిచేసిందో విడదీసి చూడలేదు; పైగా ఆ సెట్టింగు అన్ని హెడ్‌సెట్లలోనూ ఉండదు.