సరస్సు గడ్డకట్టక ముందే: చన్నీటి రక్షణ సిబ్బంది శిక్షణలో జాగ్రత్తలు

సరస్సు మీద మంచు పేరుకున్నాక డ్రై సూట్లు, అంటే నీళ్లు లోపలికి చొరని సూట్లు, దులిపి బయటకు తీసే దళాలు చాలా ఉంటాయి. అప్పటికే ఆలస్యం. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే చాలు, పడిన మనిషి ఊపిరి అదుపు తప్పుతుంది. దానికి మంచుపొర ఉండనక్కర్లేదు. కాబట్టి శిక్షణ ఆకులు రాలే కాలంలోనే మొదలుకావాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. శిక్షణ అనగానే అందరి చూపూ నీళ్లలోకి దిగే మనిషి మీదికే పోతుంది, ఫొటోలూ ఆయనవే. నన్నడిగితే సగానికి పైగా సమయం గట్టు మీద ఉండేవారికే కేటాయించాలి.

చలి ఇచ్చే గడువు

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన '1-10-1' సూత్రం దళంలో అందరికీ కంఠతా రావాలి. మొదటి 1 నిమిషం ఊపిరితో పెనుగులాట. చన్నీళ్లు తగలగానే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి లాగుతాడు. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. తర్వాతి 10 నిమిషాలు కాళ్లూ చేతులూ కాస్తో కూస్తో మాట వినే సమయం. శరీరం లోపలి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి పట్టేది సుమారు 1 గంట. ఇవి ఉజ్జాయింపు అంకెలు. నీటి చలిని బట్టి, మనిషి ఒంటిని బట్టి, బట్టలను బట్టి మారతాయి.

శిక్షకులు నొక్కి చెప్పవలసింది నడిమి 10 నిమిషాల గురించి. ఎవరో ఫోను చేసి, బండి కదిలి, దళం గట్టుకు చేరేసరికి అవి గడిచిపోయి ఉండవచ్చు. బాధితుడు బతికే ఉంటాడు, మాట్లాడుతూ కూడా ఉండవచ్చు, కానీ వేళ్లు ముడుచుకోవు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం వంతెనను ఢీకొని, మంచు కట్టిన పొటోమాక్ నదిలో కూలింది. హెలికాప్టర్ నుంచి వదిలిన తాడు ఒక ప్రయాణికురాలికి అందినా పట్టు నిలవక జారిపోయింది. గట్టు మీద నిలబడి చూస్తున్న లెనీ స్కట్నిక్ నీళ్లలోకి దూకి ఆమెను ఒడ్డుకు చేర్చాడు. ఆయన సాహసాన్ని లోకమంతా మెచ్చుకుంది. శిక్షణలో మాత్రం దానికి ముందు జరిగినదాన్నే చర్చించాలి: తాడు చేరింది, పట్టుకునే బలమే చేతుల్లో లేకపోయింది.

అందుకే సాధనలో బాధితుడి పాత్ర వేసేవారు తాడు పట్టుకోకూడదు, రక్షకుడికి ఏ సాయమూ చేయకూడదు. సాయపడే బాధితుడితో చేసే సాధన నాటకమే. నమ్మకం కుదరనివారితో ఒక చిన్న పరీక్ష చేయించండి. మంచుముక్కలు కలిపిన నీళ్ల బకెట్టులో ముంజేతి దాకా ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచమనండి. తీసిన వెంటనే కారబినర్ (తాడు తగిలించే, స్ప్రింగు మూత ఉన్న లోహపు కొక్కెం) తెరిచి తాడు తగిలించమనండి. బొటనవేలు నొక్కుతున్నట్టే ఉంటుంది, కొక్కెం మాత్రం ఒకపట్టాన తెరుచుకోదు. గుండె జబ్బు ఉన్నవారినీ, చలికి వేళ్లు తెల్లబడేవారినీ ఈ పరీక్షకు దూరంగా ఉంచాలి.

సూటు, తాడు, మంచుపొర

డ్రై సూటును కాలం మొదట్లోనే పూర్తిగా విప్పి చూడాలి. జిప్పు పళ్ల మధ్య ఇసుక చేరిందా, మెడ దగ్గరా మణికట్టు దగ్గరా రబ్బరు పగిలిందా గమనించాలి. రబ్బరును కొద్దిగా సాగదీసి వెలుతురుకు పట్టి చూస్తే సన్నని చీలికలు కూడా కనబడతాయి. సూటు వేసుకున్నాక గొంతుక్కూర్చుని, మెడ దగ్గర కాస్త ఎడం చేసి లోపలి గాలిని బయటికి పంపాలి. గాలి కాళ్లవైపు చేరితే నీళ్లలో కాళ్లు పైకి తేలి, తల ఎత్తుకోవడమే కష్టమవుతుంది. లోపల నూలు బట్టలు వద్దు. అవి చెమటకు తడిసి చలి పుట్టిస్తాయి. ఉన్ని మేలు. మంటలు ఆర్పేటప్పుడు వేసుకునే కోటుతో, బూట్లతో ఎవరూ నీటి అంచుకు పోకూడదు. పాత అలవాటు కొద్దీ పోయేవారు ఉంటారు, అక్కడ కటువుగానే ఉండాలి.

మంచుపొర విషయానికొస్తే, కొత్తగా కట్టిన పారదర్శకమైన పొర కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉంటేనే మనిషి నడవవచ్చని సాధారణంగా చెబుతారు. తెల్లగా పాలిపోయిన మంచుకు బలం అందులో సగమే. ప్రవాహం ఉన్నచోట, వంతెన స్తంభాల పక్కన, పైన కురిసిన మంచు కప్పుకున్నచోట మందం అడుగడుగుకూ మారుతుంది. ఈ లెక్కలు సాధనకు చోటు ఎంచుకోవడానికే. ప్రమాద స్థలంలో వీటిని నమ్ముకోకూడదు. అక్కడ ఒక మనిషి ఇప్పటికే మునిగాడంటే ఆ పొర ఎవరినీ మోయదనే అనుకోవాలి.

మాట, కర్ర, తాడు, పడవ, మనిషి

ఈ వరస తప్పకూడదు. ముందు గట్టు నుంచే మాట. 'వచ్చినవైపే తిరగండి, చేతులు మంచు మీద పరచండి, కాళ్లు ఈదుతున్నట్టు ఆడించండి, బయటపడ్డాక లేచి నిలబడకుండా దొర్లుతూ రండి' అని ఒక్కరే, ఒక్కో మాటగా చెప్పాలి. తర్వాత పొడవాటి కర్రో నిచ్చెనో అందించాలి, ఆపైన తాడు విసరాలి. ఏవీ కుదరకపోతేనే పడవ, ఆఖరికి మనిషి.

అలా వెళ్లే రక్షకుడు తాడు కట్టుకునే కదలాలి. బరువు పరుచుకునేలా పాకుతూ, బాధితుడికి ఎదురుగా కాకుండా పక్కనుంచి చుట్టి రావాలి. బాధితుడు ఆనుకున్న అంచు విరిగితే ఉన్న ఆ కాస్త ఆధారమూ పోతుంది. చప్పుడు లేకుండా కాళ్లు ముందుగా నీళ్లలోకి జారి, వెనకకు చేరి, చంకల కింద పట్టీ బిగించి, ఆ తర్వాతే లాగమని సైగ చేయాలి.

ఇక గట్టు. నాయకుడు తాడు ముట్టుకోకూడదు. ముట్టుకున్న మరుక్షణం చూపు ఆ తాడుకే పరిమితమవుతుంది. మొదటి రక్షకుడు అడుగు వేసేలోపే రెండో రక్షకుడు సూటు వేసుకుని, తాడు కట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఒకరు కళ్లు తిప్పకుండా బాధితుడు కనబడిన చోటునే చూస్తుండాలి. అంచుకు మూడు మీటర్ల లోపు ఉన్న ప్రతివారికీ లైఫ్ జాకెట్ ఉండాలి. గాలి హోరులో, చెవులు మూసిన సూటులో కేకలు వినబడవు కాబట్టి సైగలు ముందే ఖాయం చేసుకోవాలి. సైగ ఏదైనా ఫర్వాలేదు, దళమంతటికీ ఒకటే కావాలి. తాడు లాగేవారిది సహజంగా తొందరే: సైగ రాగానే పరుగు అందుకుంటారు, బాధితుడి ముఖం మంచు అంచుకు కొట్టుకుంటుంది. ఛాతీ అంచు దాటేదాకా నింపాదిగా లాగడం విడిగా సాధన చేయించాలి. 'ఆపు' అనే అధికారం మాత్రం అందరికీ ఉండాలి.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ (జాతీయ అగ్ని రక్షణ సంఘం) ప్రమాణాలు సిబ్బందిని అవగాహన, కార్యాచరణ, నిపుణత అని మూడు స్థాయిలుగా చూస్తాయి. అవగాహన స్థాయివారు మంచు మీద కాలు పెట్టరు. పేరు ఏదైనా ఈ గీత ప్రతి దళంలోనూ ఉండాలి. అన్నట్టు, కుక్క మునిగిందన్న ఫోనును కూడా తేలిగ్గా తీసుకోవద్దు. దళం రాకపోతే దాని వెనక యజమాని దిగుతాడు.

పైకి తీశాక

బయటికి లాగడంతో గండం గడిచినట్టు కాదు. నీటి ఒత్తిడి అంతవరకూ రక్తప్రసరణకు ఊతమిస్తుంది, నిలువుగా లేపితే ఆ ఊతం ఒక్కసారిగా పోయి కుప్పకూలవచ్చు. వీలైనంతవరకు పడుకోబెట్టే తీయాలి, పడుకోబెట్టే మోయాలి. నడిపించకూడదు, కాళ్లూ చేతులూ రుద్దకూడదు, మద్యం పట్టకూడదు. బాగా చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పవచ్చు. తడి బట్టలు లాగకుండా కత్తిరించాలి, కిందా పైనా దుప్పట్లు పరవాలి, వేడి ఛాతీకీ చంకలకూ అందించాలి. నాడి చాలా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి 1 నిమిషం దాకా ఓపికగా వెతకాలి. 1999లో నార్వేలో మంచు కింద 80 నిమిషాలు చిక్కుకున్న వైద్యురాలు ఆన్నా బోగెన్‌హోల్మ్ శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది. అయినా బతికి బయటపడింది. చల్లబడిన మనిషి చనిపోయాడని గట్టు మీదే తేల్చేయకూడదని వైద్యులు చెప్పేది ఇందుకే.

సాధన రోజున

అంబులెన్స్, వెచ్చని గుడారం, మార్చుకునే బట్టలు ముందే ఉండాలి. బాధితుడి పాత్రధారి కూడా పూర్తి సూటులోనే దిగాలి, వంతులవారీగా మారాలి. 'కాపాడండి' అనే కేక నటనలో భాగం కాబట్టి, నిజంగా ఇబ్బంది వస్తే అనడానికి వేరే మాట ఒకటి పెట్టుకోవాలి. దిగేముందూ వచ్చాకా తలలు లెక్కపెట్టాలి. ప్రవాహం ఉన్నచోట సాధన కోసం రంధ్రం కోయవద్దు, మనిషి మంచు అడుగుకు కొట్టుకుపోతే తాడు కూడా మంచు అంచున చిక్కుకుంటుంది. కోసిన రంధ్రాన్ని అలాగే వదిలి వెళ్లకూడదు. రాత్రికి దాని మీద పల్చని పొర కడుతుంది, మర్నాటికి కురిసిన మంచు కప్పేస్తుంది. చుట్టూ కర్రలు నాటి, ముదురు రంగు పట్టీ కట్టి, అక్కడ మందం మళ్లీ సరిపోయేదాకా రోజూ ఒకరు వెళ్లి చూడాలి.