బృహద్ధమని వంపు ఆపరేషన్‌కి బయల్దేరే ముందు

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాని వంపు ఉబ్బితే చేసే ఈ ఆపరేషన్‌లో రెండు పనులు: తలకి, చేతులకి వెళ్లే నాళాలను కోసి దారి మళ్లించడం, గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (గుడ్డ తొడిగిన లోహపు జాలీ గొట్టం) పంపి ఉబ్బును లోపలినుంచే కప్పేయడం. ఒకేసారా, రెండు విడతలా? ముందే అడగండి. అమలాపురం నుంచి రానుపోను ఖర్చు దాన్నిబట్టే.

సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) సీడీ మరవొద్దు. కాగితం రిపోర్టు చాలదు, స్టెంట్ కొలతలు ఆ బొమ్మల్లోంచే తీస్తారు.

చెరువు గట్టున చుట్ట కాల్చే బాబాయిలూ, ఇవాళే ఆపేయండి.

బీపీ మాత్ర మానొద్దు. రక్తం పలచబరిచేవి, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మందుల షాపు కుర్రాడు కాదు. పుచ్చుపన్ను ఉంటే ముందే చూపించుకోండి, ఆ చీము గ్రాఫ్ట్‌కి పాకితే మహా తంటా.

పక్షవాతం, కాళ్లు చచ్చుబడటం లాంటి ప్రమాదాలు సంతకానికి ముందే అడగండి.

ఈలోగా వెన్నులో చీల్చినట్టు నొప్పొస్తే తేదీ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.