చేప కంటే ముందు బ్యాక్టీరియా: ఉప్పునీటి రీఫ్ ట్యాంకు సైక్లింగ్ ఎలా చేయాలి?

నా మొదటి రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నీళ్లు నింపిన మూడో రోజే రెండు క్లౌన్ చేపల్ని వేశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. వారం తిరగకుండానే రెండూ పైకి తేలి, నోళ్లు తెరిచి ఆయాసపడ్డాయి. మర్నాడు పొద్దున చూస్తే బతికి లేవు. నీళ్లు తేటగా కనిపిస్తే చాలదని, అందులో ఒక ప్రాణి బతకగలగాలని అప్పుడు అర్థమైంది. మీకు ఆ అనుభవం ఎదురుకాకూడదనే ఇది రాస్తున్నాను.

చేప విసర్జన, మిగిలిపోయిన తిండి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. స్కూల్లో చదివిన నత్రజని చక్రంలో ఇది ఒక భాగం. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. దాన్ని పెంచి, చేపల భారం మోసే స్థాయికి తీసుకురావడమే సైక్లింగ్. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకు అమ్మోనియా, నైట్రైట్ టెస్టులు రోజూ వినే మాటలే. సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.1 ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. అందుకే మంచినీటి ట్యాంకులో గట్టెక్కే తప్పు ఇక్కడ చేప ప్రాణం తీస్తుంది.

లెక్కలన్నీ 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తున్న ట్యాంకుకు చెబుతాను. ఖాళీగా ఉంటే 180 లీటర్లు పడుతుంది. రాళ్లు, ఇసుక పోను సుమారు 150 లీటర్ల నీళ్లు అనుకోండి.

1. నీళ్లు

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మనం పెంచాలనుకునే బ్యాక్టీరియానే చంపుతుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. వంటింట్లో ఉన్న ఆర్‌ఓ చాలు కదా అని చాలామంది అడుగుతారు. చాలదు. రుచి కోసం ఆ యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, అది శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. మనకు టీడీఎస్ సున్నా కావాలి. అందుకు ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఉన్న యూనిట్ కావాలి. టీడీఎస్ మీటరు కొని ప్రతిసారీ చూసుకోండి.

విశాఖలో ఉండేవాళ్లకు బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఒడ్డు దగ్గరి నీటిలో ఊరి మురుగు, పడవల నూనె ఏ రోజు ఎంత కలుస్తుందో చెప్పలేం. నేనైతే ఆ పని చేయను.

2. ఉప్పు

రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పే వాడాలి. వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి తగినంత ఉండవు. లీటరుకు 35 నుంచి 38 గ్రాముల లెక్కన, మన ట్యాంకుకు దాదాపు 5.5 కిలోలు పడుతుంది. నీటిలో ఉప్పు వేయాలి తప్ప ఉప్పు మీద నీళ్లు పోయకూడదు, పోస్తే కొన్ని లవణాలు కరగకుండా తెల్లగా అడుగున పేరుకుంటాయి. మోటారు పెట్టి ఒక రోజు తిప్పండి. సాలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), అంటే సాంద్రత సుమారు 1.026 రావాలి. ఉప్పదనం కొలవడానికి రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటరే దీనికీ పనికొస్తుంది. దాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి.

3. రాళ్లు, ఇసుక

బ్యాక్టీరియా నీటిలో కంటే రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద ఎక్కువగా కాపురం పెడుతుంది. అందుకే చిల్లులు చిల్లులుగా ఉండే రాయి కావాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. తీరంలో దొరికిన పగడపు రాయి తెచ్చుకోవడం, ఎవరో చాటుగా అమ్ముతుంటే కొనడం నేరం. చట్టం సంగతి అటుంచినా, తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో పగడాల్ని ఏళ్ల తరబడి తవ్వి తీసుకుపోయి చేసిన నష్టం చిన్నది కాదు. సముద్రం మీద ప్రేమతో ట్యాంకు పెట్టుకునేవాళ్లం దాన్ని కొల్లగొట్టకూడదు. సిరామిక్‌తో, సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి, వాటితో ట్యాంకు చక్కగా నడుస్తుంది. సిమెంటు రాయైతే నీళ్లు మార్చుతూ కొన్ని వారాలు నానబెట్టండి, లేకపోతే పీహెచ్ బాగా పెరిగిపోతుంది.

ముందు రాళ్లను గాజు మీద కదలకుండా పేర్చి, తర్వాత చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక పోయండి. ఏటి ఇసుక వద్దు.

4. యంత్రాలు

నీటిని తిప్పే వేవ్‌మేకర్ రాత్రింబవళ్లు నడవాలి, ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర ఉంచండి. లైట్లు ఆపేయండి, ఇప్పుడే వేస్తే పాచి తప్ప ఏమీ పెరగదు. సీసాలో బ్యాక్టీరియా పోస్తే మొదటి కొన్ని రోజులు స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని తీసే పరికరం), సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం కూడా ఆపాలి.

5. తోడు వేయడం, తిండి పెట్టడం

పాలు తోడుకోవాలంటే కాస్త పెరుగు కావాలి. ఇక్కడ ఆ తోడు సీసాలో దొరికే బ్యాక్టీరియా, లేదా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు నుంచి నమ్మకమైన స్నేహితులు ఇచ్చిన చిన్న రాయి ముక్క. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, కాకపోతే దానితో పాటు తెగుళ్లు, పాచి కూడా రావచ్చు.

బ్యాక్టీరియాకు తిండి అమ్మోనియా. కొందరు పచ్చి రొయ్యను వేసి కుళ్లనిస్తారు. పని జరుగుతుంది కానీ కంపు కొడుతుంది, ఎంత అమ్మోనియా వచ్చిందో మన చేతిలో ఉండదు. గట్టి చేప కదా అని ఒకదాన్ని వేసి సైక్లింగ్ చేసే పద్ధతి మాత్రం అస్సలు వద్దు. బతికినా దాని మొప్పలు కాలిపోతాయి.

ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ తీసుకోండి. మన ట్యాంకులో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములు) రావాలంటే సుమారు 1 గ్రాము చాలు. ఇంటి త్రాసులో ఒక గ్రాము సరిగ్గా తూగదు కాబట్టి 10 గ్రాములు అర లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి సీసాలో పెట్టుకోండి. అందులో 50 మిల్లీలీటర్లలో 1 గ్రాము ఉంటుంది, మొదటి మోతాదుగా అంతే ట్యాంకులో పోయండి. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా దాచండి.

6. ఎదురుచూడటం

ఉన్న దశలన్నిటిలో కష్టమైనది ఇదే. రెండు మూడు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేసి నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. మొదట అమ్మోనియా అలాగే ఉంటుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పైకి లేస్తుంది. అమ్మోనియా సున్నాకు దగ్గరైనప్పుడల్లా మళ్లీ 50 మిల్లీలీటర్లు పోయండి. తొందరగా అయిపోతుందని ఎక్కువ పోయకండి, 5 పీపీఎం దాటితే అసలు పనే మందగిస్తుంది.

నైట్రైట్ వారాల తరబడి దిగకపోతే టెన్షన్ పడకండి, రెండో రకం బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ టెస్ట్ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది, అప్పటిదాకా ఆ అంకెను నమ్మకండి. పొడి రాళ్లతో మొదలుపెడితే మొత్తం మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. తోడు వేసిన గిన్నెను గంటకోసారి కదిపితే పెరుగు తోడుకోదు. ఇసుక కలపడం, రాళ్లు మార్చడం, రోజుకో మందు పోయడం మానుకోండి.

ఈలోగా నీళ్లు ఆవిరవుతాయి. నీరే పోతుంది, ఉప్పు మిగులుతుంది. కాబట్టి తగ్గినంత మేర ఉప్పు కలపని, టీడీఎస్ సున్నా ఉన్న నీళ్లే పోయాలి. మన ఎండాకాలంలో ట్యాంకు 30 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అది చాలని చోట, పగడాలు పెట్టాలనుకుంటే, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోతే ఆక్సిజన్ ఆగుతుంది, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి పక్కన ఉంచండి.

7. అయిందని ఎలా తెలుస్తుంది?

2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. మర్నాడు ఇంకోసారి వేసి చూడండి. రెండుసార్లూ అలాగే వస్తే అయినట్టే. అప్పుడు సగం దాకా నీళ్లు మార్చి నైట్రేట్ 10 పీపీఎం దగ్గరికి తెచ్చుకోండి. బ్యాక్టీరియా రాళ్లలో ఉంది కాబట్టి నీళ్లు మారిస్తే పోదు. నైట్రేట్‌ను పూర్తిగా సున్నా చేయాలని మాత్రం చూడకండి, పగడాలకు అది కాస్త కావాలి.

లైట్లు వేశాక గోధుమరంగు పొడి లాంటి డయాటమ్ పాచి రాళ్లను కప్పేస్తుంది. ఆ తర్వాత ఆకుపచ్చ పాచి. చూడటానికి బాగోదు కానీ ప్రతి కొత్త ట్యాంకూ ఈ దశ దాటుతుంది. ఇప్పుడు కొన్ని నత్తల్ని వేయవచ్చు.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను అడిగి తీసుకోండి. కేరళలోని విళింజంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వీటిని హేచరీలో పెంచింది, సముద్రంలోంచి పట్టాల్సిన అవసరం లేదు. ఈలోపు ట్యాంకు ఖాళీగా ఉండాల్సి వస్తే రెండు మూడు రోజులకోసారి చిటికెడు చేపల తిండి వేస్తూ ఉండండి, లేకపోతే పెంచిన బ్యాక్టీరియా ఆకలికి తగ్గిపోతుంది. చేపలు వచ్చాక మొదటి వారం తిండి తక్కువ వేసి, రోజూ అమ్మోనియా చూడండి. కొంచెం కనిపించినా ఆ పూట తిండి ఆపి, ముందే కలిపి ఉంచుకున్న ఉప్పునీటితో పావు వంతు మార్చండి. ఇంకో చేపను తేవడానికి కనీసం మూడు వారాలు ఆగండి.