ఉసిళ్లు పట్టడం, చెరగడం, వేయించడం

తొలకరి వాన వెలిశాక, పొద్దువాలే వేళ పుట్టల్లోంచి గుంపులుగా లేచే రెక్కల చెదలే ఉసిళ్లు. రాయలసీమ పల్లెల్లో వీటిని బొరుగుల్లో కలుపుకొని తింటారు. తమిళనాడులోని ఇరుళర్ గిరిజనులకూ, ఆఫ్రికాలో ఉగాండా, జింబాబ్వే వాళ్లకూ ఇవి ఇష్టమే. ఉగాండాలోనైతే వాన దాకా ఆగరు. పుట్ట మీద కర్రలతో దరువేసి, చినుకులు పడుతున్నాయని నమ్మించి మరీ బయటికి రప్పిస్తారు.

ముందు పుట్ట సంగతి చూసుకోండి. పురుగుమందు కొట్టే చేల గట్లు, చెదల మందు పోయించిన ఇళ్ల చుట్టుపక్కల పుట్టలు వద్దు. ఎంత వేయించినా మందు పోతుందన్న భరోసా లేదు. వీధి దీపాల కింద రాలినవీ వద్దు, అవి ఏ పుట్టవో తెలియదు.

పుట్టకు రెండడుగుల దూరంలో గుంత తీసి, నున్నటి స్టీలు బేసిన్‌ను అంచు నేలమట్టానికి వచ్చేలా దించండి. దాని మీద జానెడు ఎత్తున దీపం వేలాడదీయండి. వెలుగుకి వచ్చి పడినవి నున్నటి గోడ ఎక్కలేవు. చాలామంది బేసిన్‌లో నీళ్లు పోస్తారు. పట్టడం సులువే గానీ, తడి రెక్కలు ఒంటికి అతుక్కుపోయి తర్వాత ఎంత చెరిగినా రావు. పొడి బేసినే మేలు. ఉసిళ్లు ఎంతోసేపు ఎగరవు కాబట్టి చీకటి పడకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి.

దీపానికి వేరే పురుగులూ వస్తాయి. సన్నగా, నారింజ నలుపు చారలతో ఉండే పురుగు కనిపిస్తే చేత్తో తాకొద్దు, నలపొద్దు. దాని రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పుల్లతో ఏరేయండి.

మిడతల్లా వీటిని రాత్రంతా పస్తుంచే పని లేదు. అదే రాత్రి మూకుడు వేడిచేసి, నూనె లేకుండా, సన్నటి సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కదపండి. రెక్కలు వాటంతటవే ఊడతాయి. చల్లారాక గుడ్డలో వేసి మెల్లగా రుద్ది, చాటతో చెరగండి. గట్టిగా రుద్దితే పొట్టలు చిట్లి, కొవ్వు కారి రెక్కలన్నీ ముద్దకడతాయి. ఈ ఒక్కచోటే ఓపిక కావాలి.

రెక్కలు పోయినవి పావుకిలో ఉంటే, మళ్లీ మూకుట్లో సన్నటి సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించాలి. వాటి కొవ్వే ఊరుతుంది, నూనె పోశారా జిడ్డు. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వేలితో నొక్కితే పుటుక్కున విరిగినప్పుడు నాలుగు దంచిన వెల్లుల్లి రెబ్బలు, పావు చెంచా పసుపు వేసి నిమిషం తిప్పి దించండి. అర చెంచా ఉప్పు, చెంచా కారం దించాకే కలపండి. ఉప్పు ముందే పడితే మెత్తబడతాయి, కారం మాడితే ఘాటెక్కుతుంది. తినేముందు రెండు గ్లాసుల బొరుగులు కలుపుకోండి.

రొయ్యలు, పీతలు పడనివాళ్లు ఇవి ముట్టకూడదు. అదే జాతి ఎలర్జీ రావచ్చు.

నిల్వకైతే మసాలా వేయకుండా వేయించి, రెండు రోజులు బాగా ఎండబెట్టి సీసాలో పోయండి. పచ్చివాటిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచొద్దు. కెన్యాలో అలా నిల్వ చేసినవి తిని బొటులిజంతో (గాలాడని చోట నిల్వ ఉంచిన తిండిలో పుట్టే విషంతో వచ్చే జబ్బు) జనం చనిపోయిన ఉదంతం 1980లో వైద్య పత్రికలకెక్కింది. చేదు వాసన వస్తే కొవ్వు చెడిపోయిందని గుర్తు, పారేయండి.