ముహూర్తానికి ముందే యార్డుకి వెళ్లండి: విశాఖలో కొత్త హ్యాచ్‌బ్యాక్ కొనేవాళ్లకు

షోరూమ్‌లో అద్దంలా మెరిసే కారు మీ ఇంటికి రాదు. మీకు వచ్చేది స్టాక్‌యార్డులో ఎండకీ, ఉప్పుగాలికీ నిలబడి ఉన్న వేరే కారు. అందుకే ఈ కొనుగోలులో అసలు పని టెస్ట్‌డ్రైవ్ కూడా కాదు. మిగతా డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్ జరగకముందే ఆ కారుని వెళ్లి చూసుకోవడం. ఒకసారి మీ పేరు మీదకి ఎక్కిందంటే, గీత పడి ఉన్నా సొట్ట ఉన్నా అది మీ కారే.

ముందు టెస్ట్‌డ్రైవ్. లైసెన్సుతో పాటు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి. రెండు కిలోమీటర్ల చక్కర్లో ఏసీ చల్లదనం తప్ప ఏమీ తెలియదు, కనీసం అరగంట అడగండి. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఒక్కరితో బీచ్ రోడ్డు మీద హాయిగానే పోతుంది. ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, సింహాచలం కొండెక్కితే దాని సత్తా ఎంతో తేలిపోతుంది. అంత దూరం ఒప్పుకోకపోతే బీచ్ రోడ్డు నుంచి సిరిపురం వైపు ఎక్కే వాలు చాలు. మధ్యలో పూర్తిగా ఆపి మళ్లీ కదిలించండి. బండి వెనక్కి జారుతోందా, రెండో గేరులో ఇంజన్ గిలగిల్లాడుతోందా, క్లచ్ కాలిన వాసన వస్తోందా గమనించండి. ఏఎంటీ తీసుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారినప్పుడల్లా తల ముందుకి ఊగుతుంది. కొందరికి రెండు రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి ఎప్పటికీ అవ్వదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సాయంత్రం రద్దీలో ఒకసారి నడిపితే మీరు ఏ రకమో తెలుస్తుంది.

ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లుంటే నాలుగైదుసార్లు ఎక్కించి దింపి చూడండి. వ్యాగన్ఆర్ లాంటి ఎత్తు కారులోకి వాళ్లు కూర్చున్నట్టే ఎక్కుతారు. బాలెనో, ఐ20లలో కాస్త కిందికి వంగాలి. ఆల్ట్రోజ్ తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. డిక్కీ స్విఫ్ట్‌లో 265 లీటర్లు, బాలెనోలో 318, ఆల్ట్రోజ్‌లో 345. సీఎన్జీ తీసుకుంటే ఈ లెక్క మారిపోతుంది. సిలిండరే డిక్కీని మింగేస్తుంది. టాటావాళ్లు రెండు చిన్న సిలిండర్లు నేల కింద పెట్టి కొంత చోటు మిగిల్చారు.

ధర విషయంలో మొత్తం అంకె అడక్కండి, విడివిడిగా రాయించుకోండి: ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, బీమా, యాక్సెసరీలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు కార్లకి జీఎస్టీ 18 శాతమే. హ్యాండ్లింగ్ ఛార్జీ అని కనిపిస్తే కొట్టేయమనండి. ఎక్స్‌షోరూమ్ ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది, ఐటీ రిటర్నులో సర్దుకోవచ్చు. బీమాలో థర్డ్‌పార్టీ మూడేళ్లకి తప్పనిసరి. పాలసీ షోరూమ్ దగ్గరే తీసుకోవాలని రూలేమీ లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే అక్కడే ధర దిగుతుంది. జీరో డెప్‌తో (క్లెయిములో విడిభాగాల అరుగుదల కోత లేకుండా చేసేది) పాటు ఇంజన్ ప్రొటెక్షన్ కూడా పెట్టించండి. తుపానుల ఊళ్లో నీళ్లలో ఆగిన ఇంజన్‌కి మామూలు పాలసీ పనికిరాదు. పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగులైతే కార్పొరేట్ తగ్గింపు అడగండి. నేవీవాళ్లు ముందు క్యాంటీన్ ధర కనుక్కోవాలి. ఆషాఢంలో కొనేవాళ్లు తక్కువ, బేరానికి అదే మంచి అదను.

ఇక యార్డు. పగటి వెలుతురులో వెళ్లండి, కారు కడిగించి చూడండి. పోర్టు దుమ్ము కింద గీతలు దాక్కుంటాయి. ఓడోమీటరు 50 కిలోమీటర్లలోపు ఉండాలి, వంద దాటితే కారణం అడగండి. ఛాసిస్ నంబరు బండి మీద చదివి కాగితంతో పోల్చండి. తయారీ నెల ఫారం 21లో, అంటే డీలరు ఇచ్చే అమ్మకపు పత్రంలో, ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 3225 అంటే 2025లో 32వ వారం. ఒక టైరు మాత్రమే కొత్తదైతే, లేదా అద్దాల మీద సంవత్సరం గుర్తులు కలవకపోతే, ఏదో మార్చారన్నమాట. బ్రేకు డిస్కుల మీద పల్చటి తుప్పు మామూలే, నాలుగు బ్రేకులకి పోతుంది. తలుపు బందుల మీద, సీటు పట్టాల బోల్టుల మీద ఉంటే మాత్రం వద్దనండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద మరక కనిపిస్తే ఆ కారు నీళ్లలో నిలబడ్డదే. స్పేర్ టైరు కింద గుంట కూడా తడిమి చూడండి.

అండర్‌బాడీ కోటింగ్ అంటూ వెంటపడతారు. ముందు కారు కింద ఫ్యాక్టరీ వేసిన పూత ఎంతమేరకుందో చూడండి. తొందరపాటుగా కొట్టిన కోటింగ్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలని మూసేస్తుంది, తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లు నెలకి రెండుసార్లు మంచినీళ్లతో కింద కడిగించడం మేలు.

దసరాకో, ధనత్రయోదశికో డెలివరీ పెట్టుకుంటే ఈ చూసుకోవడమంతా రెండు మూడు రోజుల ముందే ముగించండి. ఆ రోజు వరసగా కార్లు దిగుతుంటే ఎవరికీ తీరికుండదు. ముహూర్తం రోజు రెండు తాళాలు, జాకీ, టూల్‌కిట్, ఇన్వాయిస్, బీమా పాలసీ చేతికి తీసుకోండి. పాలసీలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు సరిపోయాయో అక్కడే చూడండి. కొత్త కారులో పెట్రోలు కొద్దిగానే ఉంటుంది. సంపత్ వినాయకుడి గుడి దగ్గర వరసలో నిలబడేముందే బంకుకి వెళ్లి రండి.