క్రాస్ కంట్రీలో కాగితాల గందరగోళం: సమస్య - పరిష్కారం

పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172లో పక్క సీట్లో మనిషి కూర్చుంటే మోచేతులు రాసుకుంటాయి. ఆ ఇరుకులోనే చార్ట్ (విమానయాన మ్యాప్), నావ్‌లాగ్ (దారి లెక్కలు రాసుకునే కాగితం), ట్యాబ్, చెక్‌లిస్ట్, వాటర్ బాటిల్ సర్దుకోవాలి. సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) కొట్టినన్నాళ్లూ ఈ బాధ తెలియదు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోసం 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీకి, అంటే వేరే ఊళ్లకు వెళ్లే దూరప్రయాణానికి బయల్దేరినప్పుడు అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

సమస్య: ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) రేడియో ఫ్రీక్వెన్సీ మార్చమనగానే వెతుకులాట మొదలవుతుంది. తల ఎత్తేసరికి హెడింగ్ (విమానం ముక్కు చూసే దిక్కు) పక్కకు పోయి, ఎత్తు తగ్గి ఉంటుంది.

కారణం: కాగితాలను రకాల వారీగా సర్దడం. చార్టులన్నీ ఒక కట్ట, ఫ్రీక్వెన్సీలు ఒక పేజీ, నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) ఇంకెక్కడో. టేబుల్ మీద చూడ్డానికి బాగుంటుంది. కానీ విజయవాడ దగ్గర పడుతుంటే విజయవాడకు సంబంధించినవన్నీ ఒకేసారి కావాలి.

పరిష్కారం: ఒక్కో లెగ్‌కు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే భాగానికి) ఒక్కో కాగితం. బేగంపేట నుంచి విజయవాడకు ఒకటి, అక్కడి నుంచి రాజమండ్రికి ఇంకొకటి. పై మూలన ఏడీసీ, ఎఫ్ఐసీ నంబర్లు (ఎగిరే ముందు తీసుకునే అనుమతి నంబర్లు). కింద ఫ్రీక్వెన్సీలు వాడే వరుసలోనే. తర్వాత హెడింగ్, దూరం, సమయం, ఇంధనం. అట్టడుగున దిగబోయే రన్‌వే, దాని ఎలివేషన్ (సముద్రమట్టం నుంచి ఎత్తు), సర్క్యూట్ ఎత్తు, ఆ ఊరి నోటామ్‌లు. లెగ్ అవ్వగానే ఆ కాగితం అన్నిటికంటే కిందికి వెళ్లిపోవాలి. కొత్త ఫ్రీక్వెన్సీ ఇచ్చినప్పుడు పాతది కొట్టేయకండి. అవతల ఎవరూ పలక్కపోతే వెనక్కి వెళ్లాల్సింది దానికే.

చార్టును కూడా గీసిన ట్రాక్ (వెళ్లాల్సిన దారి గీత) మధ్యలో కనపడేలా ఇంట్లోనే మడవండి. ట్రాక్ మీద ప్రతి 10 మైళ్లకు పెన్సిల్‌తో అడ్డగీత పెడితే గాల్లో స్కేలుతో పని ఉండదు.

సమస్య: ట్యాబ్ దానంతటదే ఆగిపోయింది.

కారణం: చాలాసార్లు వేడి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడమని ఆపిలే చెబుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన విమానం లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా చార్జింగ్ పెట్టి వాడితే మరీ త్వరగా కాగుతుంది.

పరిష్కారం: ప్రీఫ్లైట్ (ఎగిరే ముందు విమానం తనిఖీ) చేస్తున్నంతసేపూ నీడలో ఉంచండి. కవర్ తీసేయండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, గాలి గొట్టాన్ని దానివైపు తిప్పండి. ట్యాబ్ బాగా పనిచేస్తున్నా సరే, ప్రతి చెక్‌పాయింట్ దగ్గరా కాగితం మీద టైమ్ రాయండి. అది ఆగిపోయినప్పుడు ఎక్కడున్నామో చెప్పేది ఆ టైమే.

స్క్రీన్ నల్లగా కనిపిస్తే మాత్రం ట్యాబ్‌ను తిట్టకండి, ముందు కళ్లద్దాలు తీసి చూడండి. పోలరైజ్డ్ అద్దాలతో వచ్చే తంటా అది. మ్యాప్‌లో విమానం గుర్తు కదలట్లేదా? వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. సెల్యులార్ మోడల్ కొనాలి, లేదా విడిగా జీపీఎస్ రిసీవర్ జోడించాలి.

సమస్య: కంపాస్ తేడాగా చూపిస్తోంది. ట్యాబ్ కవర్‌లోనో, హోల్డర్‌లోనో అయస్కాంతం ఉండొచ్చు. దూరంగా జరిపి మళ్లీ చూడండి.

సమస్య: ఈటీఏ (చేరుకునే అంచనా సమయం) అయిదున్నర గంటలు తేడా వస్తోంది. ఫ్లైట్ ప్లాన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), చేతి గడియారం మన టైమ్‌లో! నావ్‌లాగ్ మొత్తం యూటీసీలోనే రాయండి, ఒక వాచీని దానికే కేటాయించండి. సూర్యాస్తమయం ఒక్కటే రెండు టైముల్లోనూ రాసుకోండి: వీఎఫ్ఆర్‌లో (కంటితో బయట చూస్తూ నడిపే పద్ధతిలో) చీకటి పడకముందే దిగాలి కదా.

సమస్య: దిగేటప్పుడు యోక్ (విమానాన్ని తిప్పే హ్యాండిల్) నీబోర్డ్‌కు (తొడకు కట్టుకునే రాత బోర్డుకు) తగిలి పూర్తిగా తిరగట్లేదు. ఇది నేలమీదే పట్టుకోవాల్సిన లోపం. కంట్రోల్స్ ఫుల్ అండ్ ఫ్రీ చెక్ చేసేటప్పుడే నీబోర్డ్ తొడకు కట్టుకుని, కాగితాలన్నీ పెట్టి, యోక్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. పెన్నును దారంతో బోర్డుకు కట్టండి, జేబులో ఇంకొకటి ఉంచుకోండి. కింద పడిన పెన్ను కోసం మాత్రం వంగకండి. మేఘాల దగ్గర తల వంచి ఎత్తితే విమానం ఎటు ఒరిగిందో కూడా తెలియదు.